శైత్యసాధకుడు కామర్లింగ్ ఓనెస్

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున ఆంధ్రదేశపు కోస్తాప్రాంతమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ గుంటూరు మీదుగా మచిలీపట్నము వైపు సాగెను. ఆ రెండు పట్టణముల నడుమనున్న తెనాలియు, వానికి దక్షిణముననున్న బాపట్ల, రేపల్లెలును ఆ నీడ త్రోవలోనివే. పట్టపగలు చీకటి క్రమ్మిన ఆ కొద్ది నిమిషముల కొరకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చి దూరదర్శినితో కాచుకొని యుండెను. మచిలీపట్నమున మదరాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ వేచియుండెను. సూర్యబింబపు అంచున ఎగయు జ్వాలల కాంతిని వారు వర్ణపటదర్శినితో పరీక్షించిరి. ఆ గ్రహణవేళ పరిశీలకులకు ఆ కాంతిలో ఒక పసుపుపచ్చని గీత కానవచ్చెను. ఆ సంవత్సరమే అక్టోబరు నెలలో ఇంగ్లండు దేశమున లాకియర్ గ్రహణము లేని వేళనే ఆ గీతను చూచెను. భూమిమీద తెలిసిన ఏ మూలకమునకును అది చెందదని ఆయన తలచెను. గ్రీకు భాషలో సూర్యుని పేరు హీలియోస్. ఆ పదమును బట్టి ఆ క్రొత్త మూలకమునకు హీలియము అను పేరు వచ్చెను.

ఆ గ్రహణము నాటికి హాలెండు దేశమందలి గ్రోనింజెన్ నగరమున 14 ఏండ్ల బాలుడొకడు పాఠశాలలో చదువుకొనుచుండెను. సరిగా 40 ఏండ్ల పిమ్మట అతడే ఆ హీలియమును ద్రవముగా మార్చెను. ఆ ద్రవపు చలిలో లోహముల స్వభావమును శోధించి, అంతవరకు ఎవరును ఊహింపని వింతను లోకమునకు చూపెను. ఆ బాలుడే హైకె కామర్లింగ్ ఓనెస్.

ఓనెస్ 1853వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన జన్మించెను. తండ్రి హార్మ్ ఇటుకల కార్ఖానాకు యజమాని. తల్లి ఆనా గెర్డీనా ఒక వాస్తుశిల్పి కుమార్తె. ఆ ఇంట క్రమశిక్షణ మిక్కుటము. సోమరితనమునకు తావు లేదు. పిల్లలు కష్టపడి పనిచేయుటయు, చేసిన పనిని చక్కగా చేయుటయు చిన్ననాడే అలవరచుకొనిరి. తమ్ముడు మెన్సో చిత్రకారుడై పేరు గాంచెను. అన్నకు ప్రకృతిశాస్త్రముపై మక్కువ కలిగెను.

1870లో ఓనెస్ గ్రోనింజెన్ విశ్వవిద్యాలయమున చేరెను. మరుసటి సంవత్సరము జర్మనీ దేశపు హైడెల్‌బర్గ్ నగరమునకు పోయి, బున్సెన్, కిర్కాఫ్ అను మహాశాస్త్రజ్ఞుల వద్ద శిష్యరికము చేసెను. కాంతి వర్ణపటమును బట్టి మూలకములను గుర్తించు పద్ధతిని రూపొందించినవారు ఆ గురువులిద్దరే. గుంటూరున జాన్సెన్ అనుసరించినదియు ఆ పద్ధతియే. పిమ్మట ఓనెస్ స్వదేశమునకు మరలివచ్చి, ఊగెడి లోలకముతో భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదని నిరూపించు విషయముపై గ్రంథము వ్రాసి, 1879లో డాక్టరు పట్టము పొందెను.

1882లో లైడెన్ విశ్వవిద్యాలయము ఆయనను భౌతికశాస్త్ర ఆచార్యునిగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు 29 ఏండ్లు. కొలత ద్వారానే నిజమైన జ్ఞానము లభించునని ఆయన దృఢముగా నమ్మెను. ఊహ ఎంత అందమైనదైనను, కొలతకు నిలువనిచో అది శాస్త్రము కాజాలదు. ఆ రోజులలో హాలెండు దేశమందే వాన్ డెర్ వాల్స్ అను శాస్త్రజ్ఞుడు వాయువులు ద్రవములుగా మారు తీరును గూర్చి గొప్ప సిద్ధాంతమును రచించియుండెను. ఆ సిద్ధాంతము సరియైనదో కాదో తేల్చుటకు వాయువులను మిక్కిలి చల్లబరచి కొలువవలెను. ఓనెస్ ఆ పనిని తన జీవితలక్ష్యముగా స్వీకరించెను.

ఎంత చల్లబరచవలెనో కొంచెము తెలిసికొందము. నిజాంపట్నము రేవున చేపలను పెట్టెలలో సర్ది, మంచుగడ్డలు నింపి పంపుట రేపల్లె ప్రాంతమువారు తరచుగా చూచునదే. ఆ మంచు కరగునది సున్న డిగ్రీల యొద్ద. ఆక్సిజను వాయువు ద్రవమగుటకు సున్నకు దిగువ 183 డిగ్రీల చలి కావలెను. హైడ్రోజనునకు 253 డిగ్రీల చలి అవసరము. సున్నకు దిగువ సుమారు 273 డిగ్రీలు చలికి కడపటి హద్దు. దానినే పరమశూన్యమందురు. అంతకు మించిన చలి సృష్టిలోనే లేదు. ఆ హద్దు వైపు మెట్టు మెట్టుగా దిగవలెనని ఓనెస్ సంకల్పించెను. ముందుగా ఒక వాయువును ద్రవముగా మార్చి, దాని చలితో రెండవ వాయువును, రెండవదాని చలితో మూడవ వాయువును ద్రవీకరించుట ఆయన అవలంబించిన మార్గము. ఈ విధముగా 1894 నాటికి ఆయన ప్రయోగశాలలో ఆక్సిజనును ద్రవముగా మార్చు పెద్ద యంత్రము సిద్ధమయ్యెను.

ఇంతలో ఒక ఆటంకము వచ్చిపడెను. 1807లో లైడెన్ నగరపు నడిబొడ్డున తుపాకిమందు నింపిన ఓడ ప్రేలి, ఒక పేట అంతయు నేలమట్టమయ్యెను. ఓనెస్ ప్రయోగశాల ఆ శిథిలముల చోటనే కట్టబడినది. ఆ శాలలో వాయువులను గొప్ప ఒత్తిడితో ఇనుపపాత్రలలో బంధించుచున్నారని తెలిసి నగరవాసులు భయపడిరి. 1895లో ఆ పనులు ఆగిపోయెను. నిపుణుల సంఘము విచారణ జరిపి అనుమతి నిచ్చునప్పటికి 1898 వచ్చెను. ఆ మూడేండ్లలో లండన్ నగరమున జేమ్స్ డ్యూయర్ అను శాస్త్రజ్ఞుడు ముందంజ వేసి, 1898లో హైడ్రోజనును ద్రవీకరించెను. తాను కోరిన కీర్తి మరొకరికి దక్కినను ఓనెస్ క్రుంగిపోలేదు. ప్రజల భయము నిరాధారమని ఈసడింపలేదు. తన యంత్రములను మరింత భద్రముగను, మరింత పెద్దవిగను నిర్మింపబూనెను.

ఒంటరి మనిషి ఇట్టి పని చేయజాలడని ఓనెస్ ముందుగనే గ్రహించెను. గాజును ఊది సన్నని గొట్టములు చేయువారు, లోహమును వెండ్రుకవాసి తేడా లేకుండ మలచువారు లేనిదే ఏ కొలతయు సాధ్యము కాదు. అందుచేత ఆయన 1901లో పరికరములు చేయుట నేర్పు పాఠశాలను స్థాపించెను. ఆ బాలురు నీలిరంగు అంగీలు తొడిగికొని ప్రయోగశాలలో పనిచేయుచు విద్య నేర్చుకొనెడివారు. యంత్రశిల్పి ఫ్లిమ్, గాజుపనివాడు కెసెల్‌రింగ్ ఓనెస్‌కు కుడిఎడమ భుజములవలె నిలిచిరి. శాస్త్రమున చేతిపనికి ఎంతటి గౌరవమున్నదో లైడెన్ ప్రయోగశాల లోకమునకు చూపెను. 1906 నాటికి అక్కడ హైడ్రోజను ద్రవము పుష్కలముగా తయారగుచుండెను.

ఇక మిగిలినది హీలియము. 1895లో ఇంగ్లండున రామ్సే అను శాస్త్రజ్ఞుడు ఒక యురేనియము ఖనిజమునుండి దానిని వెలికితీసి, సూర్యునిలో కానవచ్చిన ఆ మూలకము భూమిమీదను గలదని నిరూపించెను. కాని అది మిక్కిలి అరుదు. మోనజైటు అను ఇసుకను వేడిచేసినచో కొంచెము హీలియము వెలువడును. అట్టి ఇసుక మన దేశపు సముద్రతీరములలోను దొరకును. ఓనెస్‌కు ఆ ఇసుక అమెరికానుండి వచ్చెను. దానిని సమకూర్చుటలో వాణిజ్యశాఖయందు ఉద్యోగియైన ఆయన తమ్ముడొకరు తోడ్పడిరి. డ్యూయర్ కూడ హీలియమును ద్రవీకరింప యత్నించుచుండెను. కాని ఆయన వద్దనున్న హీలియములో నియాను అను మరియొక వాయువు కలిసియుండెను. ఆ చలికి నియాను గడ్డకట్టి గొట్టములను మూసివేయుచుండెను. ఓనెస్ తన హీలియమును ఆక్సిజనుతో మండించియు, అతిశీతలమైన బొగ్గు మీదుగా నడిపించియు పలుమారులు శుద్ధి చేసెను. మాలిన్యము తన పనికి శత్రువని ఆయన ఈ విధముగా నేర్చుకొనెను. ఈ పాఠము మున్ముందు ఆయనకు దారి చూపెను. ఆ పాఠమునే ఆయన మరల పరీక్షింపవలసియు వచ్చెను.

1908వ సంవత్సరము జూలై 10వ తేదీన ఓనెస్ తుది ప్రయత్నము చేసెను. తెల్లవారుజామున 5 గంటల 45 నిమిషములకు పని ప్రారంభమయ్యెను. మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు 20 లీటర్ల హైడ్రోజను ద్రవము సిద్ధమయ్యెను. సాయంకాలము సుమారు 200 లీటర్ల హీలియము వాయువు యంత్రములో తిరుగసాగెను. గంటలు గడచుచున్నను గాజుపాత్రలో ఏమియు కానరాలేదు. హైడ్రోజను ద్రవము అడుగంటుచుండెను. అది తరిగిపోయినచో ఆ దినపు శ్రమ అంతయు వృథా యగును. ఆ సమయమున అచ్చటికి వచ్చిన ఆచార్య స్క్రైనెమాకర్స్ ఉష్ణమాపకము కదలక నిలిచియుండుట గమనించి, అది ద్రవములో మునిగియున్నదేమో యని సందేహించెను. పాత్రకు క్రిందినుండి దీపము పట్టి చూచిరి. కత్తి అంచువంటి సన్నని ద్రవతలము తళుక్కున మెరసెను. హీలియము ద్రవమైనది! పరిమాణము 60 ఘనసెంటీమీటర్లు మాత్రమే. చిన్న గ్లాసెడు కూడ లేదు. దాని శీతలత సున్నకు దిగువ 269 డిగ్రీలు. 1923 వరకు ప్రపంచమంతటను హీలియపు ద్రవము లభించు స్థలము లైడెన్ ఒక్కటే.

ఓనెస్ ఆ విజయముతో తృప్తిపడి కూర్చుండలేదు. అంతటి చలిలో లోహములగుండ విద్యుత్తు ఏ విధముగా ప్రవహించునను ప్రశ్నను చేపట్టెను. తిరునాళ్ళనాడు తెనాలి బజారులో నడచువానికి రెండు విధముల అడ్డంకులు కలుగును. ఇటునటు కదలెడి జనము ఒక అడ్డంకి. త్రోవలో పడియున్న రాళ్ళు మరియొక అడ్డంకి. తీగెలో పరుగెత్తు ఎలక్ట్రానులకును అట్లే. వేడివలన కదలెడి పరమాణువులు వానిని అడ్డగించును. లోహములో కలిసిన అన్యపదార్థముల పరమాణువులును అడ్డగించును. ఈ అడ్డంకినే విద్యున్నిరోధమందురు. చలి పెరిగిన కొలది పరమాణువుల కదలిక తగ్గును. కాని మాలిన్యము మాత్రము రాళ్ళవలె అచ్చటనే యుండును. చలి తుదిహద్దున ఏమి జరుగునను విషయమున పండితులలో భేదాభిప్రాయము లుండెను. ఎలక్ట్రానులు కూడ గడ్డకట్టి విద్యుత్తు పూర్తిగా ఆగిపోవునని కెల్విన్ భావించెను. నిరోధము క్రమముగా సున్నయగునని మరికొందరు తలచిరి.

ఓనెస్ ప్లాటినము, బంగారముల తీగెలను హీలియపు చలిలో కొలిచెను. నిరోధము తగ్గితగ్గి ఒకచోట నిలిచిపోయెను. అటుపై చలి పెంచినను అది మారలేదు. లోహము ఎంత శుద్ధమైనదైన ఆ మిగులు నిరోధము అంత తక్కువగా నుండెను. కనుక ఆ మిగులు అంతయు మాలిన్యము వలననే కలుగుచున్నదనియు, సంపూర్ణముగా శుద్ధమైన లోహము దొరకినచో నిరోధము మెల్లమెల్లగా సున్న యగుననియు ఆయన నిశ్చయించెను. బంగారమును అంతగా శుద్ధిచేయుట కష్టము. కాని పాదరసము మామూలు వేడిలోనే ద్రవము. దానిని మరిగించి, ఆవిరిని చల్లార్చి, మరల మరల బట్టీ పట్టి నిర్మలము చేయవచ్చును. అందుచేత ఆయన పాదరసమును ఎన్నుకొనెను. నిర్మలమైన పాదరసమును వెండ్రుకవంటి సన్నని రంధ్రముగల వంపు గాజుగొట్టములలో నింపి గడ్డకట్టించిరి. ఫ్లిమ్, డోర్స్‌మన్, హోల్స్ట్ అనువారు ఈ పనిలో ఆయనకు సహాయులు.

1911వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన వారు కొలత తీసికొనిరి. పాదరసమున నిరోధము కానరాలేదు. ఓనెస్ ఊహ ఫలించినట్లే తోచెను. కాని ఆ సంవత్సరమే మరింత సూక్ష్మముగా కొలిచినప్పుడు వింత బయటపడెను. నిరోధము ఆయన తలచినట్లు మెల్లమెల్లగా తగ్గలేదు. పరమశూన్యమునకు 4.2 డిగ్రీల ఎగువన అది ఒక్కమారుగా మాయమయ్యెను. ఇది కేవలము అడ్డంకులు తొలగుట కాదు. లోహము ఏదో క్రొత్త స్థితిలోనికి ప్రవేశించుచున్నదని ఆయనకు స్పష్టమయ్యెను. ఆ స్థితికే అతివాహకత్వమని పేరు.

ఈ సమయమున ఓనెస్ చేసిన పని మిక్కిలి గమనింపదగినది. శుద్ధి వలననే ఈ విజయము లభించినదని ఆయన చాటుకొని ఊరకుండవచ్చును; లోకము నమ్మియుండెడిది. కాని ఆయన తన నమ్మకమునే పరీక్షకు పెట్టెను. ఎంతో శ్రమించి శుద్ధిచేసిన పాదరసములో బంగారమును, కాడ్మియమును కావలెననియే కలిపెను. మాలిన్యము శత్రువే అయినచో అతివాహకత్వము నశింపవలెను. అది నశింపలేదు. 1912 డిసెంబరులో తగరము, సీసము అను సామాన్యలోహములును అట్టి స్థితినే పొందునని ఆయన కనుగొనెను. అవి పాదరసమంత శుద్ధములు కావు. మరియొక వైపున ఎంత శుద్ధిచేసినను బంగారము, ప్లాటినము ఆ స్థితిని పొందలేదు. ఏ ఊహ ఆయనను పాదరసము వద్దకు నడిపించెనో ఆ ఊహయే సరికాదని ఈ విధముగా తేలెను. ఆ నిజమును కనుగొన్నవాడును ఆయనయే, ప్రకటించినవాడును ఆయనయే. 1913లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

1914లో ఆయన సీసపు తీగెచుట్టను హీలియములో ముంచి విద్యుత్తు నింపెను. విద్యుద్ఘటమును తొలగించిన పిమ్మటను ఆ ప్రవాహము గంటల తరబడి తగ్గక సాగుచుండెను. అతివాహక తీగెలతో మహాబలముగల అయస్కాంతములను నిర్మింపవచ్చునని ఓనెస్ ఆశించెను. కాని కొద్దిపాటి అయస్కాంతబలము సోకగానే ఆ లోహములలోని అతివాహకత్వము నశించుచుండెను. ఆ ఆశ ఆయన జీవితకాలమున నెరవేరలేదు.

ఓనెస్ శరీరము ఎన్నడును దృఢమైనది కాదు. అయినను ఆయన పనిని విడువలేదు. ప్రయోగశాలలో ఆయన ఆజ్ఞ తిరుగులేనిది; ఇంట అతిథులకు ఆయన ఆదరము కొరతలేనిది. మొదటి ప్రపంచయుద్ధము దేశములను విడదీసినప్పుడు శాస్త్రజ్ఞుల నడుమ స్నేహము నిలుపుటకు ఆయన పాటుపడెను. ఆహారము లేక అలమటించు దేశములలోని బాలలకు సహాయము చేసెను. 1923లో ఉద్యోగవిరమణ చేసి, 1926వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన లైడెన్‌లో కన్నుమూసెను. తరువాత ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి.

ఆయన మిగిల్చిన ప్రశ్న మాత్రము నిలిచిపోయెను. అతివాహకములో మాలిన్యము చేయు పని యేమి? లైడెన్‌లో కొంతకాలము పనిచేసిన షూబ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1936-37 సంవత్సరములలో ఖార్కోవ్ నగరమున సీసములో థాలియమును కలిపి శోధించెను. ఆ మిశ్రలోహము శుద్ధమైన సీసమువలె అయస్కాంతబలమునకు వెంటనే లొంగిపోలేదు. బలము కొంత లోనికి చొరబడినను అతివాహకత్వము నిలిచియుండెను. 1957లో అబ్రికోసోవ్ దీని మర్మమును విప్పెను. అయస్కాంతబలము సన్నని దారములవలె లోహములో దూరును. ఒక్కొక్క దారము చుట్టును విద్యుత్తు సుడివలె తిరుగును.

కృష్ణ పడమటి డెల్టా కాలువలలో లాకుల దిగువన సుడులు తిరుగుట మీరు చూచియుందురు. నీటిలో సుడి కొట్టుకొనిపోవచ్చును. పాతిన గుంజను ఆనుకొని ఒకచోటనే నిలువవచ్చును. అతివాహకములోని సుడులు కదలినచో శక్తి నష్టమై నిరోధము మరల పుట్టును. లోహములోని మాలిన్యములు గుంజలవలె ఆ సుడులను పట్టి నిలుపును. వైద్యశాలలలో శరీరపు లోపలిభాగములను చిత్రించు ఎం.ఆర్.ఐ. యంత్రములలో నయోబియము, టైటానియముల మిశ్రలోహపు తీగెలుండును. ఆ తీగెలలో కావలెననియే ఏర్పరచిన టైటానియపు సూక్ష్మకణములు సుడులను బంధించును. పలు యంత్రములలో ఆ తీగెలను చల్లబరచునది హీలియపు ద్రవమే. ఓనెస్ కన్న కల మాలిన్యముల సహాయముతోనే నెరవేరినది.

మాలిన్యములన్నియు ఒక్క తీరువి కావు. అతివాహకములో ఎలక్ట్రానులు జంటలుగా కూడి నడచునని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనువారు నిరూపించిరి. అయస్కాంతగుణము లేని మాలిన్యములు ఆ జంటలను విడదీయజాలవని 1959లో ఆండర్సన్ చూపెను. ఓనెస్ పాదరసములో కలిపిన బంగారము హాని చేయకపోవుటకు కారణమిదియే. ఇనుము, కోబాల్టు వంటి అయస్కాంతగుణముగల పరమాణువులు మాత్రము జంటలను చెదరగొట్టును. అట్టి పరమాణువు చుట్టును ఎలక్ట్రానులకు ఒక ప్రత్యేకస్థితి ఏర్పడునని 1965-69 సంవత్సరముల నడుమ చైనాలో యూ, జపానులో షీబా, సోవియట్ దేశమున రూసినోవ్ వేరువేరుగా కనుగొనిరి.

ఒకటి రెండు పరమాణువుల మందముగల పలుచని పొరలలో ఈ కథ మరింత చిత్రమైనది. గారె నడుమ చిల్లుండును. పిండిని మెల్లగా సాగదీసినను, నొక్కినను ఆ చిల్లు పోదు. తెంపినగాని, అతికినగాని అది మాయము కాదు. చిన్న మార్పులకు చెదరని ఇట్టి గుణములను తెలుపు గణితశాఖను టోపాలజీ యందురు. అతివాహకములోని సుడి యట్టిదే. సుడికి ఒక చుట్టో, రెండు చుట్లో యుండునుగాని ఒకటిన్నర చుట్లుండవు. పలుచని పొరలలో అతివాహకత్వము నిలుచుటయు నశించుటయు ఎదురెదురు సుడుల జంటలు కూడుట, విడిపోవుటలపై ఆధారపడును. సుడుల జంటలను గూర్చిన ఈ సిద్ధాంతమును రచించిన థౌలెస్, కోస్టర్లిట్జ్ అనువారికి, వారితో హాల్డేన్ అను శాస్త్రజ్ఞునికి 2016లో నోబెల్ బహుమానము లభించెను.

కొన్ని పలుచని అతివాహకములలో గారె చిల్లువలె చెదరని స్థితులు అంచులయందు ఏర్పడును. 2017లో పారిస్ శాస్త్రజ్ఞులు అట్టి ప్రయోగమొకటి ప్రకటించిరి. వారు సిలికాను ఫలకముపై కోబాల్టుతో చిన్నచిన్న దీవులను ఏర్పరచి, వానిపై ఒకే పరమాణువు మందముగల సీసపు పొరను పరచిరి. కోబాల్టు దీవుల అంచుల వెంబడి ఆ విశేషస్థితుల జాడలు కానవచ్చెను. జంటలను చెదరగొట్టు కోబాల్టే ఇచ్చట క్రొత్తస్థితికి పునాది యైనది. ఓనెస్ 1912లో పరీక్షించిన సీసమే ఇచ్చటను రంగస్థలమైనది. కాని ఈ త్రోవలో జాగ్రత్త అవసరము. ఒంటరి మాలిన్యపరమాణువు కల్పించు స్థితి ఒక్కొక్కప్పుడు ఆ విశేషస్థితివలెనే కనబడి శాస్త్రజ్ఞులను భ్రమింపజేయును. నిజమైన దానిని, దాని నీడను వేరుచేసి గుర్తించుటకు ఓర్పుతో కొలువవలసినదే. ఇట్టి స్థితులను క్వాంటమ్ గణనయంత్రములకు వినియోగింపవలెనను ఆశతో శాస్త్రజ్ఞులు కృషిచేయుచున్నారు.

పాలలో వేసిన చెంచాడు తోడు పాలనంతటిని పెరుగుగా మార్చును. ఆ చెంచాడును మాలిన్యమని పారవేసినచో పెరుగు లేదు. పాలలో పడిన ఉప్పుకల్లు మాత్రము పాలను చెరచును. ఏది తోడో, ఏది ఉప్పుకల్లో పరీక్షించినగాని తెలియదు. ఓనెస్ తొలుత మాలిన్యమును తొలగించుటలో ఆరితేరెను. పిమ్మట దానిని తానే కలిపి, దాని గుణమును కొలిచి తెలిసికొనెను. మూడేండ్లు పని ఆగినను సహించిన ఓర్పు, పనివారిని తనతో సమానముగా ఎదగనిచ్చిన సౌజన్యము ఆయనను గొప్పవానిని చేసెను. తన ఊహ తప్పని తన కొలతయే చెప్పినప్పుడు ఆ కొలతనే నమ్మిన నిజాయితీ వానికంటెను మిన్న. గుంటూరు, తెనాలి, బాపట్ల, రేపల్లెల మీదుగా నీడ పరచిన ఒక గ్రహణవేళ సూర్యకాంతిలో కానవచ్చిన పసుపుగీత, అట్టి మనిషి చేతిలో ఒక నూతన శాస్త్రమునకు మూలమైనది.